తీరిక వేళ: స్తంభం మీది గాజు గిన్నెలు



రైలులో కిటికీ ప్రక్కన చోటు దొరికిన పిల్లలు పూర్వం ఒక ఆట ఆడేవారు. పట్టాల వెంబడి వెనక్కి పరుగెత్తే తంతి స్తంభాలను లెక్కపెట్టడం ఆ ఆట. ఆ స్తంభాలకు అడ్డంగా ఇనుప చేతులు, వాటి మీద బోర్లించిన తెల్లని కప్పులు, ఆ కప్పుల మెడకు చుట్టిన తీగలు ఉండేవి. తీగ మీద పిట్టలు వాలి ఉండేవి. ఆ కప్పులను కొందరు పింగాణీ కప్పులు అనేవారు, కొందరు చీనీ గిన్నెలు అనేవారు. లైనుమెన్లు మాత్రం ఇన్సులేటర్లు అంటారు. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో వాటి జాతి పేరు విద్యుద్బంధకాలు.

ఇప్పుడు ఆ తంతి స్తంభాలు చాలా చోట్ల కనిపించవు. మాటలు, సందేశాలు భూమిలోని కేబుళ్ళలోకీ గాలిలోకీ వెళ్ళిపోయాయి. కాని పాత నాణేలను, తపాలా బిళ్ళలను పోగుచేసినట్లే, ఈ పాత ఇన్సులేటర్లను పోగుచేసి అరల్లో అమర్చుకొనేవారు లోకంలో వేలమంది ఉన్నారు. ఇదేమి పిచ్చి అని నవ్వవద్దు. ఆ చిన్న కప్పు ఏ పని చేస్తుందో తెలిస్తే, దాన్ని ఎందుకు దాచుకొంటారో తెలుస్తుంది. అంతకంటె ముఖ్యంగా, దాన్ని ఎక్కడినుండి తీసికోకూడదో కూడా తెలుస్తుంది. ఈ రెండవ సంగతి మన పల్లె కుటుంబాలకు ప్రాణంతో సమానమైనది. అందుకే ఈ నెల ఈ విషయం ఎన్నుకొన్నాము.

బోర్లించిన కప్పు చేసే పని

విద్యుత్తుకు ఒక గుణం ఉంది. దారి దొరికితే చాలు, భూమిలోకి దిగిపోవాలని చూస్తుంది. తీగను నేరుగా ఇనుప స్తంభానికి కడితే అది స్తంభం గుండా నేలలోకి పోతుంది. తడిసిన కర్ర స్తంభమైనా అంతే. తంతి తీగలో అలా పోతే సందేశం గమ్యం చేరదు. కరెంటు తీగలో పోతే స్తంభాన్ని ముట్టుకొన్నవారి ప్రాణం పోతుంది. కాబట్టి తీగకూ స్తంభానికీ మధ్య విద్యుత్తును సాగనివ్వని వస్తువు ఒకటి ఉండాలి. గాజు, పింగాణీ అటువంటివి. అవి ఎండకు మెత్తబడవు, వానకు నానవు, చెదలు పట్టవు.

మరి గిన్నెలా బోర్లించడం ఎందుకు? వాన కోసం. వాన పడినప్పుడు కప్పు పైభాగమంతా తడుస్తుంది. తడిలో విద్యుత్తు ప్రాకుతుంది. కాని కప్పు అంచు క్రింద, లోపలివైపు, గొడుగు క్రింద ఉన్నట్లు పొడిగా ఉంటుంది. ఆ పొడి భాగం దాటలేక విద్యుత్తు ఆగిపోతుంది. అందుకే కొన్నింటికి ఒక గిన్నె లోపల ఇంకొక గిన్నె ఉన్నట్లు రెండు అంచులు చేస్తారు. తడి ఎంత ఎగజిమ్మినా లోపలి అంచు పొడిగా మిగలాలని దాని ఉద్దేశం.

గాజుకూ పింగాణీకీ ఒక తేడా ఉంది. పింగాణీకి లోపల సన్నని పగులు వచ్చినా బయటికి కనబడకపోవచ్చు. గాజులోనైతే కనబడుతుంది. ఇప్పుడు పెద్ద లైన్లకు వాడే గట్టిపరచిన గాజు పళ్ళెం దెబ్బ తింటే మొత్తంగా పొడిపొడి అయి రాలిపోతుంది. నేలమీద నుండి చూచేవారికి కూడా అక్కడొకటి పోయిందని తెలిసిపోతుంది. తీగ మాత్రం తెగి పడకుండా మధ్యలోని లోహపు మొండెం పట్టుకొని ఉంటుంది.

తంతి కథ

ఈ కప్పుల కథ తంతితోనే మొదలయింది. అమెరికాలో శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుండి బాల్టిమోర్ నగరానికి తంతి వేయబూనినప్పుడు, మొదట తీగను సీసపు గొట్టంలో పెట్టి నేలలో పాతించాడు. లోపల తీగల చుట్టూ చుట్టిన కప్పు చెడిపోయి విద్యుత్తు కారిపోయింది. చేసిన పనంతా వ్యర్థమైంది. అప్పుడు ఆయన వద్ద పనిచేస్తున్న ఎజ్రా కార్నెల్ మొదలైనవారి సహాయంతో స్తంభాలు నాటి, గాజును అడ్డుపెట్టి తీగలు లాగారు. 1844 మే 24న ఆ తీగ మీద అధికారికంగా మొదటి సందేశం వెళ్ళింది. అది బైబిలులోని సంఖ్యాకాండము 23వ అధ్యాయంలోని ఒక మాట. దానిని ఎన్నిక చేసింది పేటెంట్ల అధికారి కుమార్తె, అన్నీ ఎల్స్‌వర్త్ అనే అమ్మాయి. ఆ మాట అంత దూరం చేరడానికి గాజు కూడా ఒక కారణమని చాలామందికి తెలియదు. ఆ కార్నెల్ తరువాత తంతి వ్యాపారంలో ధనవంతుడై, 1865లో తన పేరుగల విశ్వవిద్యాలయాన్ని స్థాపించాడు.

మన దేశంలో తంతికి ఆద్యుడు ఒక వైద్యుడు. విలియం ఓషానెస్సీ ఈస్టిండియా కంపెనీ కొలువులో కలకత్తాలో డాక్టరు. 1839లోనే వెదురు గడల మీద తీగ లాగి ప్రయోగం చేశాడు. 1850లో కలకత్తా నుండి డైమండ్ హార్బర్ వైపు లైను పని మొదలయింది. 1855లో తంతి ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఇక్కడి చిక్కులు వేరు. కుండపోత వానలు, చెదలు, తీగ మీద ఊగే కోతులు! అందుకే తొలిరోజుల్లో సన్నని తీగకు బదులు లావుపాటి ఇనుప కడ్డీలు వాడారు.

ఇక మన బల్కంపేట సంగతికి వద్దాము. ఈ పేటకు ఉత్తరంగా, నేచర్ క్యూర్ ఆసుపత్రి, ఫతేనగర్ స్టేషన్ల మీదుగా పోయే రైలు మార్గం ఈనాటిది కాదు. నిజాం రాజ్యంలో వాడి నుండి సికింద్రాబాదుకు 1874లో తెరిచిన మార్గం అదే. రైలు ఉన్నచోట తంతి తప్పనిసరి. ఒక స్టేషనువారు ముందరి స్టేషనువారికి చెప్పకుండా బండిని విడిచిపెట్టలేరు కదా! కాబట్టి పట్టాలతోపాటే తీగలు, తీగలతోపాటే ఈ కప్పులు దేశమంతటా ప్రాకాయి. మన దేశంలో గాజుకంటె తెల్లని పింగాణీయే ఎక్కువ వాడారు. తరువాత కరెంటు వచ్చింది. 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం నగరానికి వెలుగునిచ్చింది. ఆ కేంద్రం ఇప్పుడు లేదు. తంతి కూడా లేదు. 2013 జులై 14 రాత్రితో మన దేశంలో టెలిగ్రాం సేవ ముగిసింది. టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యే ఆ రోజులు మన పెద్దలకు గుర్తే.

పోగుచేసేవారు ఏమి చూస్తారు?

ఈ అభిరుచి ఎక్కువగా పెరిగినది అమెరికాలో. అక్కడ గాజు ఇన్సులేటర్లు కోట్ల సంఖ్యలో తయారయ్యాయి. తొలినాటి గాజు కప్పులకు లోపల మరలు ఉండేవి కావు. కర్ర మేకుకు ఊరకనే తొడిగేవారు. గాలికి తీగ ఊగితే కప్పు ఊడి వచ్చేది. 1865లో లూయీ కావే అనే న్యూయార్క్ వడ్రంగి కప్పు లోపల మరలు వేసే పద్ధతికి పేటెంటు పొందాడు. సీసా మూత బిగించినట్లు కప్పును మేకుకు బిగించడం అప్పటినుండి వచ్చింది. ఒక వడ్రంగి ఆలోచన లక్షల మైళ్ళ తీగను నిలబెట్టింది. కాబట్టి మరలు లేని కప్పు దొరికితే అది చాలా పాతదని పోగుచేసేవారు సంతోషిస్తారు.

అక్కడ పేరుపొందిన కంపెనీ హెమింగ్రే. ఇండియానా రాష్ట్రంలోని మన్సీ పట్టణంలో 1888 నుండి వారి ఫ్యాక్టరీ నడిచింది. గాజు మీద కంపెనీ పేరు, నమూనా సంఖ్య పోతపోసి ఉంటాయి. వారి 42వ నంబరు కప్పు ఎంత విరివిగా దొరుకుతుందంటే, క్రొత్తగా మొదలుపెట్టిన పిల్లలకు తరచు చేతికి వచ్చేది అదే. ఆకారాన్నిబట్టి ప్రతి రకానికీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతిని వుడ్‌వర్డ్ అనే సేకర్త ఏర్పాటు చేశాడు. 1973లో జాతీయ స్థాయి సంఘం కూడా ఏర్పడింది.

వారికి రంగు ముఖ్యం. మామూలుగా లేత నీలి ఆకుపచ్చ కలిసిన రంగు వస్తుంది. ఇసుకలో ఉండే ఇనుము దానికి కారణం. ఆ రంగు పోగొట్టడానికి కొందరు మాంగనీసు కలిపేవారు. విచిత్రమేమంటే, అలా తెల్లగా చేసిన గాజు ఏళ్ళ తరబడి ఎండలో ఉంటే మెల్లగా ఊదా రంగుకు తిరుగుతుంది. స్తంభం మీద గడిపిన కాలమే దాని రంగు అన్నమాట. ఇలాంటివాటికి ధర ఎక్కువ గనుక, మామూలు గాజును రేడియేషనుకు గురిచేసి ఊదా రంగు తెప్పించి అమ్మే మోసగాళ్ళు కూడా బయలుదేరారు. అందుకే తెలిసినవారు ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఇది ఎక్కడిది, నీ చేతికి ఎలా వచ్చింది?

మన దగ్గర ఈ ప్రశ్నకు మరింత బరువు ఉంది.

ఎక్కడిదో చెప్పగలగాలి

బల్కంపేటలో మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. లైనుమన్‌గా పనిచేసి విశ్రాంతి తీసికొంటున్నారు. వారి ఇంటి కిటికీ అరలో ఏడెనిమిది పింగాణీ కప్పులు, ఒక ఆకుపచ్చ గాజు కప్పు వరుసగా ఉంటాయి. ఒకనాడు ప్రక్కింటి కుర్రవాడు వాటిని చూచి ఆశపడ్డాడు.

"తాతా, మా ఊరి చేను దగ్గర కూడా ఇట్లాంటివే ఉన్నాయి. పాత లైను. ఎవరూ చూడరు. ఈసారి పోయినప్పుడు ఒకటి తెస్తా!"

"పాత లైనని నీకు ఎవరు చెప్పిండ్రు బిడ్డా?"

"కరెంటు రాదంట తాతా."

"రాదనుకొని ఎక్కినోళ్ళను నేను క్రిందికి దింపిన. కంబం మీద ఉన్నంతసేపు అది ఊరోళ్ళ పానం. అక్కడిది ముట్టుకోవద్దు. నా దగ్గర ఉన్నవి ఒక్కొక్కటి ఎక్కడిదో చెప్తా, విను."

నిజంగానే ఆయన ఒక్కొక్కటి తీసి చెప్పారు. రెండు, పాత సామాను కొట్టులో తూకానికి కొన్నవి, కొట్టువాని చీటీతో సహా. ఒకటి, లైను మార్చినప్పుడు పగిలి పారవేసిన కుప్పలోనిది, పై అధికారిని అడిగి తెచ్చుకొన్నది. గాజుది, విదేశంలో ఉన్న కొడుకు సంతలో కొని పంపినది. ప్రతిదాని అడుగున చిన్న కాగితం అతికించి ఉంది. కుర్రవాడు చాలాసేపు ఆ కాగితాలే చదువుతూ కూర్చున్నాడు.

ఆ కాగితాలు కేవలం ముచ్చట కోసం కాదు. మన దేశంలో కరెంటు లైను సామాను దొంగిలించడం 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షను ప్రకారం నేరం. మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు. రైల్వే సంగతి ఇంకా గట్టిది. దొంగిలించినదన్న అనుమానానికి తావున్న రైల్వే సొత్తు మన వద్ద దొరికి, అది న్యాయంగా వచ్చినదని మనం చూపలేకపోతే, 1966 నాటి చట్టం క్రింద అయిదేళ్ళ వరకు శిక్ష ఉంది. పట్టాల ప్రక్కన పడి ఉన్నంత మాత్రాన అది దిక్కులేని సొత్తు కాదు. ప్రభుత్వ శాఖలు పాత సామానును వేలం వేస్తాయి. అలా కొన్న వర్తకుని వద్ద చీటీ అడిగి కొనుక్కోవచ్చు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం సంత, గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్ వంటి చోట్ల పాత వస్తువులు ఎన్నో అమ్మకానికి వస్తాయి. కొనవచ్చు, తప్పులేదు. కాని ఎక్కడిదంటే తల గోక్కొనే అమ్మకందారుని వద్ద, ఎంత చవకైనా కొనవద్దు. మనం కొంటాము గనుకనే మరొకడు స్తంభం ఎక్కుతాడు.

ఒక కప్పు పగిలితే

ఇప్పుడు అసలు విషయం. పల్లెలో పిల్లలు ఉండేలు పట్టుకొని, రాళ్ళు పట్టుకొని ఈ కప్పులకు గురి చూడడం ఏనాటినుండో ఉంది. తగిలితే టంగుమని మ్రోగుతుంది, అదొక సరదా. కాని పదకొండు వేల వోల్టుల లైను మీది కప్పు అంచు పగిలితే, ఆ రోజు ఏమీ జరగకపోవచ్చు. ఎండాకాలమంతా దాని మీద దుమ్ము పేరుకొంటుంది. తొలకరి జల్లు పడగానే ఆ దుమ్ము తడిసి దారి ఏర్పడుతుంది. చిటచిట శబ్దం, రాత్రివేళ నీలి మెరుపు. అక్కడినుండి విద్యుత్తు స్తంభంలోకి, స్తంభం నుండి తడి నేలలోకి దిగుతుంది. ఆ ప్రక్కనుండి పోయే ఎద్దుకు, బడికి పోయే బిడ్డకు ఆ సంగతి తెలియదు. రాయి విసిరినవాడు అప్పటికి మరచిపోయి ఉంటాడు.

ఇంకొక చిన్న వస్తువును ఎవరూ గమనించరు. మలుపులో ఉన్న స్తంభం వంగిపోకుండా ఏటవాలుగా నేలకు లాగి కట్టిన తీగ ఉంటుంది. దానిని స్టే వైరు అంటారు. దాని మధ్యలో, చేతికి అందని ఎత్తులో, కోడిగ్రుడ్డు ఆకారంలో ఒక పింగాణీ ముద్ద ఉండాలి. పై భాగానికి పొరపాటున విద్యుత్తు సోకినా క్రింది భాగానికి రాకుండా ఆపేది అదే. ఈ గ్రుడ్డు పగిలినా, అసలు లేకపోయినా, ఆ తీగకు కట్టిన గేదె, ఆ తీగకు బట్టలు ఆరవేసే ఇల్లాలు ప్రమాదంలో ఉన్నట్లే. కాబట్టి పశువులను స్టే వైరుకు కట్టవద్దు. బట్టల దండెం స్తంభానికి కట్టవద్దు. చిటచిట వినబడినా, కప్పు పగిలి వ్రేలాడుతున్నా, దూరంగా నిలిచి ఇతరులను కూడా దూరంగా ఉంచి, మీ లైనుమన్‌కు గాని 1912 నంబరుకు గాని ఫోను చేయండి. మనమే గడకర్రతో సరిచేద్దామని పోవద్దు.

ఇంటిల్లిపాదీ మొదలుపెట్టవచ్చు

ఈ అభిరుచికి డబ్బు ముందు అవసరం లేదు. కన్ను, ఒక నోటుపుస్తకం చాలు. సెలవుల్లో పిల్లలతో ఇలా చేయించండి.

మొదట, ముట్టుకోకుండా పోగుచేయడం నేర్పండి. ఊరిలోని స్తంభాలను దూరంనుండి చూచి, ఏ రకం కప్పు ఎక్కడ ఉన్నదో బొమ్మ గీసి వ్రాసుకోమనండి. ఇళ్ళకు వచ్చే మామూలు లైనుకు దారపు కండె ఆకారంలో చిన్నవి ఉంటాయి. పదకొండు వేల వోల్టుల లైనుకు మేకు మీద నిలిపిన గొడుగులాంటివి ఉంటాయి. పెద్ద ఇనుప టవర్లకు పళ్ళేలు దండగా గ్రుచ్చినట్లు వ్రేలాడుతాయి. ఆ పళ్ళేలు లెక్కపెట్టడం మంచి ఆట. సుమారు తొమ్మిది ఉంటే లక్షా ముప్పై రెండు వేల వోల్టుల లైను. పదమూడు, పధ్నాలుగు ఉంటే రెండు లక్షల ఇరవై వేలు. ఇరవై మూడు వరకు ఉంటే నాలుగు లక్షల వోల్టులు. వోల్టులు పెరిగేకొద్దీ దండ ఎందుకు పెరుగుతుందో పిల్లలనే చెప్పనివ్వండి.

రెండవది, న్యాయంగా దొరికిన కప్పు ఇంటికి వస్తే, సబ్బునీళ్ళతో మెత్తని గుడ్డతో కడగండి. ఇనుప పీచుతో రుద్దితే పింగాణీ మీది మెరుగు పోతుంది. అంచులు పగిలి ఉంటే చేయి కోసుకొంటుంది, జాగ్రత్త. కడిగిన తరువాత దీపం దగ్గర పట్టి చూడండి. కంపెనీ పేరు, కొన్నింటిపై సంవత్సరం కూడా కనిపించవచ్చు. కనిపించినదంతా నోటుపుస్తకంలో వ్రాయండి: ఏ రోజున, ఎవరివద్ద, ఎంతకు, ఏ ఊరి లైనుదని చెప్పారు. ఆ వివరం లేని కప్పు వట్టి పింగాణీ ముక్క. వివరం ఉన్నదైతే ఒక ఊరి చరిత్ర.

మూడవది, పెద్దలను అడిగించండి. తంతి తపాలా శాఖలో, రైల్వేలో, విద్యుత్ శాఖలో పనిచేసి ఇంటి వద్ద ఉన్నవారు ప్రతి ఊరిలో ఉంటారు. వర్షాకాలంలో లైను తెగితే రాత్రిపూట లాంతరు పట్టుకొని మైళ్ళు నడచినవారు వారిలో ఉన్నారు. ఎవరూ అడగక వారు చెప్పలేదు. మీ అబ్బాయి, అమ్మాయి ప్రక్కన కూర్చొని వ్రాసికొంటే, ఆ జ్ఞాపకాలు మిగులుతాయి. కప్పులకంటె ముందు కనుమరుగయ్యేవి అవే.

ఈ నెలలో మీ ఇంటి ముందున్న స్తంభాన్ని ఒకసారి దూరంనుండి తలెత్తి చూడండి. కప్పులన్నీ సరిగా ఉన్నాయా? స్టే వైరుకు గ్రుడ్డు ఉన్నదా? లేకపోతే ఈ రోజే ఫిర్యాదు చేయండి. తొలకరి వరకు ఆగవద్దు.